సైన్స్ టీచర్ల ట్రైనింగ్‌కి పోయి ఉత్త చేతులతోని రాకుండా ఉండాలంటే ఏం చేయాలె

ట్రైనింగ్ ఆర్డర్ వాట్సప్ గ్రూపుల పడంగనే మా స్టాఫ్ రూంల మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "ఎన్ని రోజులు సార్, భోజనం వాళ్ళదేనా?" రెండో ప్రశ్న "ఓడీ ఇస్తరా?", అంటే ఆ రోజులు సెలవు కాదు, ఆన్ డ్యూటీ లెక్కనేనా అని. ఏం నేర్పుతరు అని అడిగినోళ్ళని నేను ఇన్నేండ్లల్ల చాలా తక్కువ చూసిన, నేను కూడా మొదట్ల అడగలేదు, అబద్ధం ఎందుకు. అయిదు రోజులు పోయి కూసొని, అటెండెన్స్ షీట్ల సంతకం పెట్టి, ప్యాడు పెన్ను ఫోల్డరు తెచ్చుకొని, సోమవారం మళ్ళ అదే చాక్‌పీసు అదే బోర్డు. నా ఇంట్ల గిట్లాంటి ఫోల్డర్లు ఒక అట్టపెట్టెకు నిండుగ ఉన్నయ్.

2024 డీఎస్సీల కొత్తగ వచ్చిన పిల్లలు (పిల్లలంటే టీచర్లే, మాకు పిల్లలే) మా మండలంల కొంతమంది ఉన్నరు, వాళ్ళు అడుగుతుంటరు సార్ ఏ ట్రైనింగ్‌కి పోవాలె, పోతే ఏం లాభం, బయట కాన్ఫరెన్సులకు మనలాంటి జెడ్పీ స్కూలోళ్ళను రానిస్తరా అని. వాళ్ళ కోసం రాస్తున్న. ఫిజికల్ సైన్స్, బయో సైన్స్ ఎస్ఏలు (స్కూల్ అసిస్టెంట్లు), ప్రైవేటుల చెప్పేటోళ్ళు, గురుకులం టీజీటీ టీచర్లు అందరికీ పనికొస్తది. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మానుకోట (మహబూబాబాద్), జనగామ సైడు వాళ్ళను మనసుల పెట్టుకొని రాసిన, కరీంనగర్ వాళ్ళు ఏమనుకోకుండ్రి.

ముందుగాల ఏమేం ఉన్నయో తెల్సుకోండి

మనకు వచ్చేటివి మూడు నాలుగు రకాలు. ఒకటి సర్కారు పెట్టేటివి: ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్రంల సిలబస్, టీచర్ల ట్రైనింగులు చూసే సంస్థ) మాడ్యూల్ తయారు చేస్తది, స్టేట్ ఆర్పీలు (ట్రైనింగ్ ఇచ్చే రిసోర్స్ పర్సన్లు) నేర్చుకొని జిల్లా ఆర్పీలకు చెప్తరు, వాళ్ళు మనకు చెప్తరు. పై నుంచి కిందికి వచ్చేసరికి పాలల్ల నీళ్ళు కలుస్తయి, అది ఆర్పీల తప్పు కాదు, ఆ పద్ధతే అట్లుంది. మే నెల ట్రైనింగులు, స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు (చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లు కలిసేటివి), దీక్షా యాప్‌ల నిష్ఠా కోర్సులు (నిష్ఠా అంటే కేంద్రం పెట్టిన టీచర్ల ట్రైనింగ్, 2019 ల మొదలైంది) అన్నీ ఈ లెక్కనే. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒక్కో టీచరు ఏడాదికి కనీసం 50 గంటలు సీపీడీ (సర్వీసుల ఉండంగ కొత్తయి నేర్చుకునుడు) చేయాలె, సీబీఎస్ఈ స్కూళ్ళల్ల కూడా ఆ 50 గంటల లెక్కే నడుస్తది, అందుకే ప్రైవేటు సార్లను మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ల కోసం వెంట పడుతుంటది.

రెండోది పిల్లలను తీస్కొని పోయేటివి. ఇన్‌స్పైర్ మానక్ (పిల్లల కొత్త ఐడియాలకు కేంద్రం ఇచ్చే అవార్డు), సైన్స్ ఫెయిర్, చిల్డ్రన్స్ సైన్స్ కాంగ్రెస్. వీటిని మనం ట్రైనింగ్ అనుకోం గాని నిజానికి నేను ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడనే. చిల్డ్రన్స్ సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి జరుగుతుంది, పిల్లలు వాళ్ళ ఊరి సమస్య తీస్కొని ప్రాజెక్టు చేస్తరు, మనం గైడ్ టీచర్. పిల్లకు గైడ్ చేయాలంటే ముందు మనకు తెల్వాలె కదా, డేటా ఎట్ల రాయాలె, గ్రాఫ్ ఎట్ల గీయాలె, "ఎన్నిసార్లు కొలిచినవ్ బిడ్డా" అని జడ్జి అడిగితే ఏం చెప్పాలె, ఆ భయంతోనే మనం నేర్చుకుంటం. ఇన్‌స్పైర్‌ల ఐడియా సెలెక్ట్ అయితే పిల్ల అకౌంట్ల 10,000 రూపాయలు పడతయి, ఆ పైసలతోని మోడల్ చేపించేది కూడా ఒక పని, అది ఇంకోసారి.

మూడోది మనమే వెతుక్కొని పోయేటివి. ముంబైల హోమీ భాభా సెంటర్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్ ఉంది, టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) కింద 1974 ల పెట్టింరు, సైన్స్ ఒలింపియాడ్లు నడిపేది వాళ్ళే, టీచర్లకు వర్క్‌షాపులు, సైన్స్ ఎడ్యుకేషన్ రీసెర్చి మీద కాన్ఫరెన్సులు పెడుతరు. ఐఏపీటీ అని ఫిజిక్స్ టీచర్ల సంఘం, 1984 ల మొదలైంది, స్కూల్ టీచర్లు కూడా మెంబర్ కావచ్చు, ఏడాదికోసారి కన్వెన్షన్ ఉంటది, పదో తరగతి దాక చదివే పిల్లలు రాసే జూనియర్ సైన్స్ పరీక్ష కూడా వాళ్ళే పెడుతరు. మైసూరుల ఆర్ఐఈ అని టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చే సంస్థ ఉంది. పుణెల ఐయూకా అని ఖగోళ శాస్త్ర పరిశోధన సంస్థ ఉంది, అరవింద్ గుప్తా సార్ చెత్తతోని ఆటవస్తువులు చేసి సైన్స్ చెప్పింది అక్కడి పిల్లల సైన్స్ సెంటర్లనే, 2018 ల పద్మశ్రీ ఇచ్చింరు, ఆయన వీడియోలు తెలుగుల కూడా దొరుకుతయి. ముంబై పుణె అనంగనే భయపడకుండ్రి, కాజీపేటల కోణార్క్ ఎక్కితే దిగకుండ పుణె, అటెనుక దాదర్. హోమీ భాభా సెంటర్ మాన్‌ఖుర్ద్‌ల ఉంటది, దాదర్ నుంచి కుర్లా పోయి హార్బర్ లైన్ లోకల్ పట్టుకుంటే అయిపాయె.

దగ్గరల చూస్తే హంటర్ రోడ్డు మీద రీజినల్ సైన్స్ సెంటర్, హనుమకొండ డైట్ (జిల్లా టీచర్ ట్రైనింగ్ సంస్థ), 1959 ల ఆర్‌ఈసీగా మొదలైన ఎన్ఐటీ, కాకతీయ యూనివర్సిటీ. ఎన్ఐటీ, కేయూ డిపార్ట్‌మెంట్లకు ఫిబ్రవరి 28 సైన్స్ డే చుట్టుపక్కల ఏదో ఒక ప్రోగ్రాం ఉంటది, జనవరిలనే పోయి అడగాలె. ఫోన్ చేస్తే "చూస్తం" అంటరు, మనిషి పోతే టీ తాపిచ్చి మాట్లాడుతరు. ఇది వరంగల్.

పోయే ముందు: పర్మిషన్ పని

దీన్ని తేలిగ్గ తీస్కోకుండ్రి, మంచి మంచి వర్క్‌షాపులు చాలా మందికి ఇక్కడనే ఆగిపోతయి. సర్కారు ట్రైనింగ్ అయితే డీఈఓ (జిల్లా విద్యాధికారి) ప్రొసీడింగ్స్ ల మీ పేరు ఉంటే ఓడీ దానంతట అదే. మీరు సొంతంగ అప్లై చేసి సెలెక్ట్ అయితే మాత్రం ఇన్విటేషన్ లెటర్ ప్రింట్ తీసి, హెచ్ఎం ఫార్వర్డింగ్‌తోని, ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వార డీఈఓ ఆఫీసుకు పెట్టాలె, కనీసం మూడు వారాల ముందు. పాత వరంగల్ ఇప్పుడు ఆరు జిల్లాలాయె, 2021 ల వరంగల్ అర్బన్ పోయి హనుమకొండ అయింది, రూరల్ పోయి వరంగల్ అయింది, బయట సంస్థలోళ్ళు ఇంక పాత పేరే రాస్తున్నరు. నాకు ఒకసారి ఇన్విటేషన్ల "వరంగల్ రూరల్" అని వచ్చింది, ఆఫీసుల సెక్షన్ క్లర్కు గీ జిల్లానే లేదు కదా సార్ అన్నడు. మళ్ళ కరెక్షన్ తెప్పించే వరకు వర్క్‌షాప్ అయిపాయె. కాబట్టి అప్లికేషన్ల మీ జిల్లా పేరు, స్కూల్ యూడైస్ నంబరు (ప్రతి స్కూలుకు ఉండే కోడ్) కరెక్టుగ రాయండి.

ఓడీ రాకుంటే? సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టుకొని పోండి. నేను రెండుసార్లు పోయిన. బాధ పడలేదు.

సెలవుల్ల జరిగే సర్కారు ట్రైనింగ్ అయితే అటెండెన్స్ సర్టిఫికెట్, రిలీవింగ్ ఆర్డర్ జిరాక్సులు రెండు సెట్లు పెట్టుకోండి, ఆ రోజులకు రావాల్సిన ఈఎల్స్ (ఎర్న్డ్ లీవులు) సర్వీస్ రిజిస్టర్ల ఎంట్రీ చేయించుకునేటప్పుడు అవే అడుగుతరు. రెండేండ్లకు గుర్తొచ్చి పోతే ఆ కాయితం ఎక్కడుందో మనకే తెల్వది.

ఇంకో మాట, మెయిల్‌కి "ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్, మీ పేపర్ సెలెక్ట్ అయింది, ఫీజు కట్టండి, ఐఎస్‌బీఎన్ ఉన్న పుస్తకంల అచ్చేస్తం, బెస్ట్ టీచర్ అవార్డు కూడా ఇస్తం" అని వస్తుంటయి. మీరు పేపరే పంపకుండ సెలెక్ట్ ఎట్లయితది? ఎవరు పెడుతున్నరు, ఆ సంస్థ పోయిన ఏడాది ఏం చేసింది, మాట్లాడేటోళ్ళు ఎవరు, వాళ్ళు నిజంగ ఆ యూనివర్సిటీలనే ఉన్నరా, ఈ నాలుగు చూడండి. అవార్డు ముందు, ఫీజు పక్కన, సబ్జెక్టు ఎక్కడ్నో కింద ఉంటే వదిలేయండి. శాలువా కోసం పైసలు కట్టుడు అవసరమా.

పోయే ముందు: అసలు పని

ఇది ఎవరు చెప్పరు గాని నా లెక్క ప్రకారం సగం వర్క్‌షాప్ ఇక్కడనే అయిపోతది. పోయే ముందు వారం మీ క్లాసుల ఒక చిక్కు ముడి పట్టుకోండి. "పిల్లలకు సైన్స్ అర్థం కాదు" అని కాదు, అది ముడి కాదు, ఏడుపు. ముడి అంటే గిట్ల ఉండాలె: "తొమ్మిదో తరగతి పిల్లలు బరువున్నది మునుగుతది, తేలికది తేలుతది అంటరు, సాంద్రత డెఫినిషన్ అప్పజెప్తరు, కాని మొద్దు ఎందుకు తేలుతది, గోటంత రాయి ఎందుకు మునుగుతది అంటే మళ్ళ బరువు దగ్గరికే పోతరు." ఇట్ల రాస్కోని, పిల్లలు రాసిన నాలుగు జవాబులు వాళ్ళ చేతిరాతల్నే ఫోటో తీసి ఫోన్ల పెట్టుకోండి.

ఎందుకంటే అక్కడ టీ టైంల ఎవరన్న మంచి ఆర్పీనో, ప్రొఫెసరో దొరికితే "సార్ మంచిగ చెప్పింరు" అనుడు తప్ప మనకు మాట రాదు. చేతుల ఫోటో ఉంటే మాట వస్తది. ఒకసారి నేను బల్బు సర్క్యూట్ మీద పిల్లలు గీసిన బొమ్మలు తీస్కపోయిన, సెల్లు ప్లస్ నుంచి ఒక్క వైరు బల్బుకు గీసి "కరెంటు వచ్చి బల్బుల అయిపోతది" అని రాసింరు. అది చూసి మా టేబుల్ దగ్గర ఆరుగురు టీచర్లు మా క్లాసుల గూడ ఇదే సార్ అన్నరు, లంచ్ అయిపోయినా లేవలేదు, ఆ రోజు పీపీటీలల్ల ఏముండెనో గుర్తులేదు గాని ఆ ముచ్చట గుర్తుంది.

అక్కడ కూసున్నంక

ముందు వరుసల కూసోండి, మనూరోళ్ళ పక్కన కూసోకుండ్రి. మన మండలపోళ్ళతోని ట్రాన్స్‌ఫర్లు, పీఆర్సీ, డీఏలు ముచ్చట పెట్టుడు ఎట్లాగూ ఉంటది.

నోట్సుల మూడు రకాలే రాస్కోండి: చేతితోని చేసేది, పిల్లలను అడిగే ప్రశ్న, నాకు అర్థం కానిది. స్లైడ్ల మీదున్నది రాయాల్సిన పని లేదు, పీడీఎఫ్ ఎట్లాగూ గ్రూపుల వేస్తరు, వేసినా మనం తెరవం. ప్రయోగం చూపిస్తే చూసి ఊకోకుండ్రి, మీ చేతితోని చేయండి, ఫెయిల్ కావాలె, అక్కడ ఫెయిల్ అయితే మంచిది, క్లాసుల 40 మంది ముంగట కాకుండ ఉంటది. వీడియో తీస్తే చేతులు కనపడేటట్టు తీయండి, చెప్పే సారు మొఖం మనకెందుకు. సామాను ఎక్కడ కొన్నరు, ఎంతకు కొన్నరు అనేది సిగ్గు పడకుండ అడగండి, అదే అసలు రహస్యం.

బోర్ కొట్టే ట్రైనింగ్ పడితే? పడతది, తప్పది. ఒక ట్రైనింగ్‌ల పొద్దట్నుంచి సాయంత్రం దాక ఒకాయన "యాక్టివిటీ బేస్డ్ లర్నింగ్" అని స్లైడ్లు చదివిండు, ఒక్క యాక్టివిటీ చేయించలేదు. అట్లాంటప్పుడు కోప్పడి లాభం లేదు, లంచ్ తర్వాత "సార్ ఒక పావుగంట మా టీచర్లం చేసిన ప్రయోగాలు చూపిస్తం" అని చిట్టి రాసి ఇచ్చినం, ఆయన కూడా సంతోషపడ్డడు, ఆయనకూ పొద్దు పోవాలె కదా.

కాన్ఫరెన్సుల పేపరో పోస్టరో పెట్టాలంటే

పేపర్ అంటే పీహెచ్‌డీ అనుకుంటం. కాదు. మీ క్లాసుల ఒక ముడి, మీరు ఏం చేసిండ్రు, ముందు పిల్లలు ఏం రాసింరు తర్వాత ఏం రాసింరు, ఏది పని చేయలేదు. గంతే. చాలా కాన్ఫరెన్సులు 250, 300 పదాల అబ్‌స్ట్రాక్ట్ అడుగుతయి. ముందుగాల తెలుగుల రాయండి, మనం స్టాఫ్ రూంల పక్క సారుకు చెప్పినట్టు, ఆ తర్వాత ఇంగ్లీషుల పెట్టండి, నేరుగ ఇంగ్లీషుల మొదలుపెడితే "ఇన్నోవేటివ్ పెడగాజీ" లాంటి మాటలు వచ్చి కూసుంటయి, విషయం లేచిపోతది. పని చేయనిది తప్పకుండ రాయండి, చూసేటోళ్ళకు దాని మీదనే నమ్మకం వస్తది. పిల్లల పేర్లు, మొఖాలు పెట్టకుండ్రి.

పోస్టరు హనుమకొండల ఏ ఫ్లెక్సీ షాపులనైనా కొట్టిస్తరు, కాని వాళ్ళు అలవాటుల నాలుగు మూలలకు పూలు, మన పాస్‌పోర్ట్ ఫోటో పెడుతరు, పక్కన నిలబడి చెప్పాలె. అక్షరాలు రెండు మీటర్ల దూరం నుంచి చదవనీకి రావాలె. చుట్టి రైల్లో తీస్కపోనీకి హార్డ్‌వేర్ షాపుల మూడు ఇంచుల పీవీసీ పైపు ముక్క, రెండు మూతలు, పోస్టరు మడత పడదు. పై బెర్తు మీద పెడితే ఎవరో ఒకరు తుపాకా అని అడుగుతరు, అది వేరే ముచ్చట.

వచ్చినంక వారం లోపల

వారం దాటితే అయిపాయె, అనుభవంతోని చెప్తున్న. సోమవారం నాడే ఏదో ఒక్కటి క్లాసుల చేయండి, పది కాదు ఒక్కటి. టైంటేబుల్, సిలబస్ ఎక్కడున్నా సరే. తర్వాత వచ్చే కాంప్లెక్స్ మీటింగుల పావుగంట అడిగి తీస్కోని చూపియండి. అక్కడ్నుంచే మన సొంత వర్క్‌షాప్ మొదలైతది, ఈ మొత్తం రాతల నేను చెప్పాలనుకున్నది ఇదే: పైనుంచి వచ్చే ట్రైనింగ్ కోసం ఎదురు చూసే బదులు మన కాంప్లెక్సులనే పది పదిహేను మంది సైన్స్ టీచర్లం మూడు గంటలు కూసుంటే అంతకన్న ఎక్కువ నేర్చుకుంటం.

ఇది నేను కనిపెట్టింది కాదు. మధ్యప్రదేశ్‌ల హోషంగాబాద్ జిల్లాల 1972 ల 16 స్కూళ్ళల్ల ఒక సైన్స్ కార్యక్రమం మొదలుపెట్టింరు, తర్వాత వందల స్కూళ్ళకు పోయింది, 2002 ల సర్కారు ఆపేసింది. దాంట్ల టీచర్లు ఎండాకాలం ట్రైనింగుల పిల్లల లెక్కనే కింద కూసొని ప్రయోగాలు వాళ్ళే చేసేటోళ్ళు, తర్వాత నెల నెలా కలిసి ఏ ప్రయోగం పని చేసింది ఏది చేయలేదు అని మాట్లాడుకునేటోళ్ళు. నెలనెలా కలుసుడు ఉండే చూడండి, అది ప్రాణం. మనకు కాంప్లెక్స్ మీటింగ్ ఎట్లాగూ ఉంది, మనం దాన్ని సర్క్యులర్లు చదవనీకి వాడుతున్నం.

సొంతంగ మూడు గంటల వర్క్‌షాప్ ఎట్ల పెట్టాలె

కాంప్లెక్స్ హెచ్ఎంను ముందే అడగండి. సైన్స్ వాళ్ళకు వేరే రూం ఇస్తే చాలు, మైకు వద్దు, బ్యానర్ వద్దు, ముఖ్య అతిథి అసలే వద్దు, ముఖ్య అతిథి వస్తే గంట ఆయనకే పోతది. బెంచీలు కాదు, కింద చాపలు, లేకుంటే నాలుగు టేబుళ్ళు, టేబుల్‌కు నలుగురు. మూడే ప్రయోగాలు పెట్టుకోండి. ప్రతిదానికి ఒకటే పద్ధతి: ముందు ఏమైతదో చెప్పాలె (చేతులెత్తి ఓటు వేయాలె), తర్వాత చూడాలె, తర్వాత ఎందుకో గొడవ పడాలె. ముందు ఓటు వేయించకుంటే అందరూ "ఇది మాకు తెల్సు" అంటరు. ఓటు వేస్తే సగం మంది టీచర్లే తప్పుతరు, అప్పుడు సీట్ల ముందుకు జరుగుతరు.

మొదటిది తేలే ఇటుక. రామప్ప గుడి గోపురానికి వాడిన ఇటుకలు నీళ్ళల్ల తేలుతయని మనందరం పిల్లలకు చెప్తం, 1213 ల కట్టిన గుడి, 2021 ల యునెస్కో గుర్తింపు వచ్చింది, పిల్లలు పిక్నిక్‌కు పోయొస్తరు. కాని ఆ ఇటుక చేతికి దొరకది కదా, దొరకొద్దు కూడా. దానికి బదులు సిపోరెక్స్ ముక్క తెచ్చుకోండి, ఇప్పుడు హనుమకొండల అపార్ట్‌మెంట్ కట్టే ప్రతి దగ్గర తెల్ల లైట్ వెయిట్ బ్రిక్కుల ముక్కలు కుప్పలు ఉంటయి, మేస్త్రీని అడిగితే ఉత్తగనే ఇస్తడు. రంపంతోని కోసి 10 సెంటీమీటర్ల పొడుగు, 10 వెడల్పు, 5 మందం ముక్క చేయండి, 500 ఘనపు సెంటీమీటర్లు అన్నట్టు. కిరాణా కాంటా మీద పెడితే 300 గ్రాముల చుట్టుపక్కల వస్తది. అదే సైజు ఎర్ర ఇటుక ముక్క 800, 900 గ్రాములు. లెక్క చేస్తే తెల్ల ముక్క సాంద్రత 0.6 చుట్టు, ఎర్ర ముక్కది 1.6 నుంచి 1.8, నీళ్ళది 1. నీళ్ళల్ల వేసే ముందు అడగండి: తేలితే ఎంత మందం మునుగుతది? ఇక్కడ అందరు ఆగుతరు. 0.6 సాంద్రత అంటే పదిల ఆరు వంతులు మునుగుతది, 5 సెంటీమీటర్లల్ల 3 సెంటీమీటర్లు. నీళ్ళల్ల పెట్టి వెంటనే మునిగిన కాడికి ముక్క మీద పెన్సిల్ గీత గీసి స్కేలుతోని కొలవండి, లెక్కకు దగ్గర్లనే వస్తది. నాకు మొదటిసారి అట్ల వచ్చినప్పుడు ఇన్నేండ్ల సర్వీసుల రాని సంబురం వచ్చింది.

ఇంక ఉంది. ఆ ముక్కను అట్లనే బకెట్ల వదిలేసి టీ తాగి రండి. గీత నీళ్ళ కిందికి పోతది. ఎందుకు? ముక్కల ఉన్న రంధ్రాలల్లకు నీళ్ళు పోతయి, బరువు పెరుగుతది. దీని మీద పిల్లలతోని గంటకోసారి కొలిపించి గ్రాఫ్ గీయిస్తే చిల్డ్రన్స్ సైన్స్ కాంగ్రెస్ ప్రాజెక్టు అక్కడనే మొదలైతది.

రెండోది పసుపు. నిజామాబాద్, జగిత్యాల దిక్కు పండే పసుపు మనకు కిరాణాల దొరుకుతది, కొమ్ము దంచుకుంటే ఇంక మంచిది. నీళ్ళల్ల కలిపితే రంగు సరిగ్గ దిగది, కరోనా అప్పుడు కొన్న శానిటైజర్ బాటిళ్ళు స్కూళ్ళల్ల ఇంక ఉన్నయ్ కదా, ఆల్కహాల్ ఉన్నదాంట్ల కలిపితే మంచిగ దిగుతది. తెల్ల కాయితం ముంచి నీడకు ఆరబెట్టండి, మంటకు దూరం. సర్ఫ్ నీళ్ళు, సున్నం తేట, నిమ్మరసం, ఉప్పు నీళ్ళు పెట్టండి. సున్నం తేటకు ఎర్రగయితది. అప్పుడు అడగండి, పెండ్లిల పారాణి దేంతోని చేస్తరు, దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఏంది? పసుపు, సున్నం. మన అవ్వలు ఏనాడో చేసిన ప్రయోగమే. తర్వాత నిమ్మరసం మీద ఓటు వేయించండి, చాలా మంది "రంగు మారుతది" అంటరు, పసుపు పచ్చగనే ఉంటది. మరి పచ్చగ ఉంటే అది ఆమ్లమా, ఉప్పు నీళ్ళా? పసుపు చెప్పలేదు. దానికి మందారం పూల రసం కావాలె, ఆమ్లంల గులాబీ రంగు, క్షారంల ఆకుపచ్చ. ఒక ఇండికేటర్ అన్నీ చెప్పది అనే సంగతి పుస్తకంల వాక్యంగ ఉంటది, ఇక్కడ కండ్లకు కనపడుతది.

మూడోది సెల్లు, ఎల్ఈడీ. దీంట్ల నా పరువు పోయింది కాబట్టి వివరంగ చెప్తున్న. మొదటిసారి నేను చౌరస్తాల ఎలక్ట్రికల్ షాపుల తెల్ల ఎల్ఈడీలు, మామూలు 1.5 వోల్టుల సెల్లులు తలా ఒకటి కొన్న. ఇంటికాడ చూస్కోలేదు. అందరి ముంగట ఒక్కటి వెలగలేదు. ఒక మేడం మెల్లగ "సార్ కరెంట్ వచ్చి అయిపోయినట్టుంది" అన్నది, అందరు నవ్విండ్రు. తెల్ల ఎల్ఈడీకి దాదాపు 3 వోల్టులు కావాలె, ఎర్రదానికి 2 దగ్గర సరిపోతది, ఒక్క సెల్లుతోని రెండూ వెలగవు. రెండు సెల్లులు వరుసగ పెట్టాలె, లేకుంటే గుండీ లాంటి 3 వోల్టుల కాయిన్ సెల్లు. పొడుగు కాలు ప్లస్ దిక్కు. తిప్పి పెడితే వెలగది, అది కూడా పాఠమే. 9 వోల్టుల బ్యాటరీకి రెసిస్టర్ లేకుండ నేరుగ పెడితే ఒక్కసారి మెరిసి సచ్చిపోతది. పాత టార్చి బల్బు దొరికితే వదలకుండ్రి, ఒక సెల్లు, ఒక బల్బు, ఒక్కటే వైరు ఇచ్చి వెలిగించమంటే టీచర్లకే పది నిమిషాలు పడతది, బల్బుకు రెండు కొసలు ఎక్కడున్నయో అప్పుడు తెలుస్తది.

బయో సైన్స్ వాళ్ళు అలుగుతరు, ఎప్పుడూ ఫిజిక్సేనా అని. వాళ్ళకు ఫోల్డ్‌స్కోప్ ఉంది, స్టాన్‌ఫోర్డ్‌ల మను ప్రకాశ్ టీం చేసిన కాయితం మైక్రోస్కోపు, దాదాపు 140 రెట్లు పెద్దగ చూపిస్తది, ఉల్లిపొర, చెరువు నీళ్ళ బొట్టు చూడనీకి సరిపోతది. భద్రకాళి చెరువు నీళ్ళ బొట్టు ఒకటి, బోరు నీళ్ళ బొట్టు ఒకటి పక్కపక్కన పెట్టి చూపియండి.

యాసిడ్ ప్రయోగం ఏదన్న పెడితే నీళ్ళల్ల యాసిడ్ పొయ్యాలె, యాసిడ్‌ల నీళ్ళు పొయ్యొద్దు. ఇది టీచర్లకు చెప్పుడేంది అనుకోకుండ్రి, చూసిన కాబట్టి చెప్తున్న. కంటికి అద్దాలు, పక్కన బకెట్ నీళ్ళు.

టీ మధ్యల ఒకసారి తప్పకుండ, మిర్చి బజ్జీలు ఉంటే ఇంక మంచిది, తలా కొంత వేసుకుంటే అయిపోతది. టీ అప్పుడే ఒకరు "మా స్కూల్ల సైన్స్ కిట్టు వచ్చింది సార్, సీలు కూడా తియ్యలేదు" అంటరు. కిట్టు బీరువాల, బీరువా తాళం చార్జి సారు దగ్గర, ఆ సారు ట్రాన్స్‌ఫర్ అయిపోయిండు. ప్రతి మండలంల ఈ కథ ఉంటది. పగిలితే రికవరీ పెడుతరేమో అనే భయం కూడ నిజమే, అందుకే స్టాక్ రిజిస్టర్ల వాడినది, పగిలినది తేదీతోని రాసి హెచ్ఎం సంతకం పెట్టించుకుంటే ఆ భయం పోతది. తర్వాతి మీటింగ్‌కు ఎవరి బీరువా తెరిచి ఏం తెస్తరో అక్కడనే పేర్లతోని రాస్కోండి.

చివరి పది నిమిషాలు ఫీడ్‌బ్యాక్ ఫారాలు వద్దు. తలా ఒకటి చెప్పాలె, ఈ మూడింట్ల ఏది, ఏ తరగతిల, ఏ రోజు చేస్తరు. అది గ్రూపుల పెట్టండి, చేసినోళ్ళు ఫోటో పెడుతరు, చెయ్యనోళ్ళను అడగకుండ్రి, సిగ్గుపడి గ్రూపుల నుంచి పోతరు. రెండో నెల ఎనిమిది మందే వస్తరు, పరవాలేదు, ఎనిమిది మందితోనే నడుస్తది.

ఇంకోటి మర్చిపోయిన, ఎండాకాలం సెలవులకు ముందు సెల్లులన్నీ హోల్డర్లల్ల నుంచి బయటికి తీసి పెట్టండి. నేను తియ్యక జూన్ల తెరిచి చూస్తే లీకై స్ప్రింగులన్నీ తెల్లగ పట్టేసినయ్, మళ్ళ చౌరస్తాకు పోయి కొత్తయి కొన్న.